తీరికవేళల వ్యాసంగాలు

పాఠ్యభాగ ఉద్దేశం

చదువుకూ ఉద్యోగానికీ వెలుపల మనిషి తనకు తానుగా ఎన్నుకొనే చిన్న చిన్న వ్యాసంగాల స్వభావాన్ని తెలియజేయడం, వాటిని సూచించే మాటల అర్థచ్ఛాయలను పరిచయం చేయడం, కళాశాల చదువుల ఒత్తిడి నడుమ వాటికి చోటున్నదా అన్న ప్రశ్నను విద్యార్థుల ముందుంచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మనిషి చేసే పనులలో కొన్నింటికి జీతం ముడుతుంది. కొన్నింటికి మార్కులు పడతాయి. ఈ రెండింటిలో ఏదీ దక్కదని తెలిసి కూడా ఇష్టంగా చేసే పనులు మరికొన్ని ఉన్నాయి. పెరటిగోడ మూలన సాలెపురుగు గూడు కట్టుకోవడాన్ని నిలబడి చూడడం, రేడియోలో వినవచ్చే కీర్తనకు తొడమీద తాళం వేసుకోవడం, రెండు సూదులూ ఒక ఉన్ని ఉండా ముందు పెట్టుకొని అల్లుకుంటూ కూర్చోవడం, తపాలా బిళ్ళలు కూడబెట్టడం, చుక్కలు లెక్కపెట్టుకుంటూ కొత్త ముగ్గు కలపడం ఇటువంటివి. వీటన్నింటినీ కలిపి నేడు మనం ‘హాబీలు’ అంటున్నాము. తెలుగులో మాట లేక ఆ మాటను తెచ్చుకోలేదు. ఉన్న మాటలు నాలుగైదు; అవి ఒక్కొక్కటి ఒక్కొక్క వైపు లాగుతాయి.

‘వినోదం’ అన్న సంస్కృతపదానికి మూలార్థం పారద్రోలడం. అలసటనూ దిగులునూ పోగొట్టేది వినోదం. ‘కాలక్షేపం’లోని క్షేపమంటే విసరివేయడం. ఏమీ తోచనివాడు అరుగుమీద కూర్చుని ప్రొద్దుపుచ్చినా కాలక్షేపమే, ఊరివారంతా గుడిమండపంలో చేరి హరికథ విన్నా కాలక్షేపమే. ఒకే మాట దండుగనూ పండుగనూ కూడా చెప్పగలగడం విశేషం. ‘వ్యసనం’ కథ మరొక విధం. సంస్కృతంలో ఆ మాటకు గాఢమైన ఆసక్తి అన్న మంచి అర్థం కూడా ఉన్నది. జూదం, వేట, మద్యపానం మొదలైన సప్తవ్యసనాలను నీతిశాస్త్రాలు పదేపదే నిందించగా తెలుగులో చెడ్డ అర్థమే స్థిరపడిపోయింది. ఇక ‘అభిరుచి’. రుచి అంటే నాలుకకు తెలిసేది మాత్రమే కాదు, కాంతి అని కూడా అర్థం. దేనివైపు మనస్సు వెలుగుతుందో అది అభిరుచి అని చెప్పుకుంటే శబ్దశాస్త్రజ్ఞులు మనమీద కోపగించుకోరనే అనుకుంటాను. ఈ పాఠంలో ఎక్కువగా ఆ మాటనే వాడుకొందాము.

ఇంత చిన్న విషయానికి ఒక పాఠం ఎందుకన్న సందేహం కలగవచ్చు. మన పూర్వులకు ఇది చిన్న విషయమని తోచలేదు. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో గానం, వాద్యం, చిత్రలేఖనంతోపాటు పూలదండలు కూర్చడం, సూదిపని, పొడుపుకథలు, చిలుకలకూ గోరువంకలకూ మాటలు నేర్పడం కూడా ఉన్నాయి. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రచించాడు. రాజ్యం సంపాదించడం, సంపాదించినదానిని నిలుపుకోవడం అన్న ప్రకరణాలతో అది మొదలవుతుంది. అందులోనే వినోదాలకు ఒక ప్రకరణం, క్రీడలకు మరొక ప్రకరణం ఉన్నాయి. దండనీతి చెప్పిన చేతితోనే ఆ రాజు గీతవినోదాన్నీ చేపలు పట్టే వినోదాన్నీ కూడా వ్రాశాడు. మన కాలానికి వస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల జయాపజయాలను వెనుకకు నెట్టి, ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ వేడుకలతో ప్రొద్దుపుచ్చారు అన్న ప్రశ్నలకు కావ్యాలనుండి జవాబులు వెదకి తీశాడు. 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే దక్కింది. ఒక జాతి చరిత్రలో దాని తీరికవేళలు కూడా భాగమే అన్నమాట.

ఇప్పుడు మీ సంగతి. పదవ తరగతి వరకు వేణువు ఊదినవారు, బొమ్మలు గీసినవారు, పక్షి ఈకలు దాచుకొన్నవారు ఇంటర్మీడియట్‌లో చేరిన నాడు ఆ వస్తువులను అటక మీదికి ఎక్కిస్తారు. ‘ఈ రెండేళ్ళు కళ్ళు మూసుకుని చదువుకో, తరువాత నీ ఇష్టం’ అని పెద్దలు చెబుతారు. మాట ప్రేమతో అన్నదే. ప్రవేశపరీక్షల పోటీ ఎటువంటిదో వారికి తెలుసు, పెట్టిన ఖర్చూ తెలుసు. కాని కళ్ళు మూసుకోమనడంలోనే ఉన్నది చిక్కు. చూపు అనేది పెట్టెలో పెట్టి తాళం వేసి, రెండేళ్ళ తరువాత తీసి వాడుకొనే వస్తువు కాదు. వాడకపోతే మొద్దుబారుతుంది. ఒక వస్తువును విసుగు లేకుండా చాలాసేపు చూడగలగడం, ఒక ధ్వనిని చివరిదాకా వినగలగడం, ఒక తప్పును విప్పి మరల అల్లగలగడం అనే శక్తులు అభిరుచుల వలన అలవడుతాయి. భౌతికశాస్త్రానికి కావలసినవీ ఇవే. అందుచేత ఈ విషయాన్ని కొంచెం దగ్గరగా పరిశీలించవలసి ఉన్నది.

సాలెపురుగుతో మొదలుపెడదాము. దానికి ఖర్చు లేదు, ప్రయాణం లేదు. వసతిగృహంలో ఉన్నవారికి కూడా కిటికీ మూలన దొరుకుతుంది. బూజుకర్ర పట్టినవారికి అది శత్రువు కావచ్చు గాని, దానికి పేరు పెట్టిన తెలుగువాడు మాత్రం దానిని గౌరవించాడు. సాలె అంటే నేతపనివాడు. మగ్గమూ నాడే లేకుండా నేసే జీవిని చూచి, మా సాలెవాని వంటిదే అని అతడు మెచ్చుకొన్నాడు. పురుగు అంటున్నాము గాని శాస్త్రరీత్యా ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్ళు, దేహంలో మూడు భాగాలు. దీనికి ఎనిమిది కాళ్ళు, రెండే భాగాలు, రెక్కలు లేవు. శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టిన సాలెపురుగుల జాతులు 2022 నాటికి 50 వేలు దాటాయి.

చక్రాకారంగా గూడు కట్టే జాతులలో చాలా భాగం చీకటి పడిన తరువాత పని ప్రారంభిస్తాయి. సాలీడు ఎత్తైన చోట నిలిచి ఒక సన్నని పోగును గాలిలోకి వదులుతుంది. అది ఎదుటి కొమ్మకు తగిలి అంటుకొంటే వంతెన సిద్ధమైనట్లే. ఆ వంతెన మీద అటూ ఇటూ నడిచి దానిని గట్టిపరచి, నడిమినుండి క్రిందికి మరొక పోగు దించుతుంది. అప్పుడు పంగలకర్ర ఆకృతి ఏర్పడుతుంది. ఆ పంగ దగ్గరే గూటికి కేంద్రం. అక్కడినుండి సైకిలు చక్రపు చువ్వలవలె అన్ని వైపులకూ పోగులు లాగుతుంది. తరువాత కేంద్రంనుండి వెలుపలికి జిగురులేని పోగుతో ఎడమెడంగా చుట్లు చుడుతుంది. ఇది తాత్కాలికం, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వేసుకొనే పరంజా వంటిది. ఆ పరంజాపై కాలూనుకొని, ఈసారి వెలుపలి అంచునుండి లోపలికి, జిగురుగల పోగుతో దగ్గర దగ్గరగా అసలు వల వేస్తుంది. వేస్తూ వేస్తూ పాత పరంజాను విప్పుకుంటూ పోతుంది. ఇది అంతా సాధారణంగా ఒక గంటకు అటూ ఇటూగా ముగుస్తుంది. ఇందులో మరింత ఆశ్చర్యకరమైన సంగతి ఏమంటే, గూడు కట్టే జాతులకు చూపు చాలా తక్కువ. కాలిస్పర్శతోనే కొలతలు తీసుకొంటాయి. వాటికి ఈ పని నేర్పిన గురువు లేడు. తెల్లవారేసరికి చిరిగిన గూటిని చాలా జాతులు తామే తినివేసి, ఆ మాంసకృత్తులను కొత్త పోగు తీయడానికి వాడుకొంటాయి.

అన్ని జాతులూ గూళ్ళు కట్టవు. గోడమీద ఆగి ఆగి గంతులువేస్తూ, మనము వేలు చూపితే తల తిప్పి మనవైపే చూచే చిన్న సాలీడును మన పెద్దలు ఈగపులి అన్నారు. దాని ఎనిమిది కళ్ళలో ముందున్న రెండు పెద్దవి; అది చూపుతో వేటాడుతుంది. తోటలోని పొదలలో మరొక జాతి తన గూటి నడుమ తెల్లని వంకరటింకర పట్టీలను గుణకారపు గుర్తువలె అల్లి, వాటి మీద కాళ్ళు జతజతలుగా చాచి కూర్చుంటుంది. ఆ పట్టీలు పురుగులను ఆకర్షించడానికో, పక్షులను హెచ్చరించడానికో, తనను తాను మరుగుపరచుకోవడానికో అన్న విషయంలో శాస్త్రజ్ఞుల నడుమ ఇంకా వాదం నడుస్తూనే ఉన్నది. పెరటిలో కూర్చుని చూచేవారికి కూడా ఆ వాదంలో పాలు పంచుకొనే అవకాశం ఉన్నదన్నమాట. నేలమీద తిరిగే మరొక జాతిలో తల్లి గ్రుడ్లసంచిని పొట్ట చివర అంటించుకొని మోస్తుంది. పిల్లలు పొదిగిన తరువాత వాటిని వీపుమీద ఎక్కించుకొని కొన్నాళ్ళు తిరుగుతుంది.

తెలుగు సాహిత్యంలో సాలెపురుగుకు దక్కిన స్థానం తక్కువది కాదు. శ్రీకాళహస్తి అన్న ఊరిపేరులోని ‘శ్రీ’ సాలెపురుగే. కాళం పాము, హస్తి ఏనుగు. 16వ శతాబ్దికి చెందిన ధూర్జటి తన ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’లో ఈ కథను కావ్యం చేశాడు. శివలింగంపై తన పోగులతోనే గుడిగోపురాలు అల్లిన ఆ చిన్నజీవి, దీపజ్వాల వాటిని కాల్చివేస్తుంటే ఆ దీపాన్నే మ్రింగబోయిందట. భక్తిని చెప్పడానికి కవి ఏనుగు ప్రక్కన సాలీడును నిలబెట్టడం గమనింపదగినది.

చూడడం ఒక మనిషిని ఎంతదూరం తీసుకొనిపోగలదో చెప్పడానికి గోపాలచంద్ర భట్టాచార్య (1895–1981) జీవితం చక్కని ఉదాహరణ. తూర్పు బెంగాలులోని ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేసిన ఆయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. కుళ్ళిన మొక్కలు చీకటిలో వెలుగు చిమ్మడం గురించి ఆయన వ్రాసిన ఒక వ్యాసం జగదీశచంద్ర బోసు కంటపడింది. 1921లో బోసు ఆయనను కలకత్తాలోని తన పరిశోధనాలయంలో చేర్చుకొన్నాడు. చీమలను, సాలెపురుగులను, నీటి ఒడ్డున మాటువేసి చిన్నచేపలను పట్టి తినే సాలీళ్ళను ఆయన ఏళ్ళ తరబడి పరిశీలించి వ్రాశాడు. పరిశోధనలన్నీ మాతృభాషలో సామాన్యులకు చేరేటట్లు చెప్పడం ఆయన పట్టుదల. కీటకాలను గురించి ఆయన బెంగాలీలో వ్రాసిన పుస్తకానికి 1975లో రవీంద్ర పురస్కారం లభించింది.

మీ వయస్సువారి ఉదాహరణ కావాలంటే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన జూడిత్ మైల్స్ అనే ఉన్నత పాఠశాల విద్యార్థిని ఉన్నది. భూమ్యాకర్షణ తెలియని చోట సాలెపురుగు గూడు కట్టగలదా అని ఆమె అడిగిన ప్రశ్నను అక్కడి అంతరిక్ష సంస్థ స్వీకరించి, 1973లో రెండు సాలీళ్ళను స్కైలాబ్‌కు పంపింది. వాటిలో అరబెల్లా అనేది మొదట చిందరవందరగా అల్లి, కొద్దిరోజులలోనే కుదురైన గూడు కట్టింది. పోగు మందం మాత్రం భూమిమీద ఉన్నంత సమంగా లేదు.

ఇటువంటి ఉదాహరణలు పాఠ్యపుస్తకాలలో తరచుగా కనిపిస్తాయి. కాని అవి సగమే నిజం చెబుతాయి. పేరు వస్తుందని అభిరుచిని పట్టుకొంటే అది మరొక పోటీపరీక్షే అవుతుంది. గోపాలచంద్రునివలె చూచి, ఎవరి కంటా పడకుండా, ఏ బహుమతీ అందకుండా సంతృప్తిగా జీవించినవారు లెక్కకు మిక్కిలి. వారి చూపు వృథా పోయిందని నేను అనుకోలేను.

అభిరుచికి మరొక ప్రమాదం కూడా ఉన్నది. చూడాలన్న కోరిక సొంతం చేసుకోవాలన్న కోరికగా మారడం ఆ ప్రమాదం. అనంతపురం జిల్లా గుత్తి ఊరిపేరు ప్రపంచంలోని సాలెపురుగుల ప్రియులందరికీ తెలుసు. అక్కడి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి పరిచయం చేశాడు. మెరిసే నీలిరంగు దేహం దానిది. అది గుత్తిలో పుట్టినది కాదు. కలపతోపాటు రైలులో వచ్చి ఉంటుందని తరువాత తేలింది. నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్యనున్న అడవిలో, పాతచెట్ల తొర్రలలో దాని నివాసం. ఒక శతాబ్దం తరువాత, 2001లో, మరల అక్కడ దానిని గుర్తించారు. చెట్లు నరకడం ఒక ప్రక్క, అందమైన ఆ జీవిని గాజుపెట్టెలో పెట్టుకోవాలనుకొనే విదేశీ సేకర్తల మోజు మరొక ప్రక్క దానిని పీడించాయి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. ఇష్టమే ప్రాణాపాయమైన జీవి అది. తపాలా బిళ్ళ సేకరించవచ్చు, ప్రాణాన్ని సేకరించరాదు.

సాలెపురుగునుండి అల్లికకు దారి సంస్కృతనిఘంటువులోనే ఉన్నది. సాలీడుకు సంస్కృతంలో ‘ఊర్ణనాభి’ అని పేరు. ఊర్ణ అంటే ఉన్ని. నాభిలో ఉన్ని గలది ఊర్ణనాభి. తెలుగులోని ‘ఉన్ని’ కూడా ఆ ఊర్ణనుండి ప్రాకృతం మీదుగా వచ్చిన మాటే. తన పొట్టలోని ఉన్నినే తీసి వడికి నేసుకొనే జీవి అని ప్రాచీనులు దానిని ఊహించుకొన్నారు.

మన ఎండలకు ఉన్నిస్వెట్టరు అవసరం అంతగా లేదు. అయినా ఒడిలో ఉన్ని ఉండ పెట్టుకొని, రైలు ప్రయాణంలోనో మధ్యాహ్నపు విరామంలోనో అల్లేవారిని మీరు చూచే ఉంటారు. నేతకూ అల్లికకూ భేదం ఉన్నది. నేతలో పడుగు, పేక అని రెండు వరుసల దారాలు ఒకదానినొకటి దాటుతాయి. అల్లికలో ఉన్నది ఒకే దారం. ఆ దారాన్ని మెలికలుగా చేసి, ఒక మెలికలోనుండి మరొక మెలికను లాగుతూ పోతారు. అందుకే అల్లిన బట్ట సాగుతుంది. అందుకే కొస పట్టి లాగితే అంతా విడిపోతుంది. సూదుల అల్లికలో ప్రధానమైన కుట్లు రెండే: మెలికను ముందువైపుకు తీయడం, వెనుకవైపుకు తీయడం. లోకంలోని వేలకొలది నమూనాలు చాలా మట్టుకు ఈ రెండింటి కలయికలే. గురువు, లఘువు అన్న రెండింటితోనే ఛందస్సు అంతా నిలిచినట్లు ఇక్కడ కూడా రెండింటితోనే లోకమంతా నడుస్తుంది. ఒక కుట్టు జారవిడిస్తే పది వరుసల తరువాత గాని తెలియదు, తెలిసినప్పుడు విప్పవలసినదే. కోపం వచ్చినా ఉన్ని దానిని లెక్కచేయదు.

గణితం చదివేవారికి ఒక చిన్న విశేషం. అతిపరవలయ తలం అనే ఒక వక్రతలం ఉన్నది. దానిని ఊహించడమే కష్టం, కాగితంతో నమూనా చేస్తే చినిగిపోతుంది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమిన్యా అనే లాట్వియా దేశపు గణితాచార్యురాలు కొక్కెపుసూది తీసుకొని, ప్రతి వరుసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ దానిని అల్లి చూపింది. చేతిలోకి వచ్చిన వస్తువు మన పెరటి కోడిజుట్టు పూవువలె కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. పాఠ్యపుస్తకంలో అందని భావం ఒక ఇంటిపనిముట్టుకు అందింది.

అల్లిక అనగానే గోదావరి జిల్లాలవారికి నరసాపురం గుర్తుకు రాకమానదు. పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతపు పల్లెలలో వేలాది స్త్రీల చేతిపని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ పాఠంలో ఆ ప్రస్తావన తేవడానికి వేరే కారణం ఉన్నది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీలను కలుసుకొని, వారి పనిని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. ప్రతిదినం గంటల తరబడి కన్ను గుచ్చి అల్లే ఆ స్త్రీలను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదని, ఇంటిలో తీరికగా కూర్చున్నవారి కాలక్షేపంగా ఆ పనిని చూచినందువల్లనే కూలి అతి స్వల్పంగా ఉండిపోయిందని ఆమె నిరూపించింది. దూరదేశాలలో బల్లల మీద పరచుకొన్న ఆ లేసుకు మంచి ధర పలికేది. అల్లిన చేతికి దక్కినది కొద్ది. మీకు తీరికవేళ అయిన పని మరొకరికి బ్రతుకుతెరువు కావచ్చు. బ్రతుకుతెరువును పట్టుకొని ‘సరదాగా చేస్తున్నారు’ అనడం మాట పొరపాటు మాత్రమే కాదు, కూలి ఎగవేయడానికి అనువైన మార్గం. అభిరుచి అన్న అందమైన మాటను ఎవరి విషయంలో వాడుతున్నామో చూచుకొని వాడవలసి ఉన్నది.

సంగీతం విషయానికి వస్తే, పాడగలగడం వేరు, వినగలగడం వేరు. మొదటిది అందరికీ అబ్బదు. రెండవదానికి చెవి, ఓపిక చాలు. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రసారం చేసిన ‘భక్తిరంజని’తో ఎన్నో తెలుగు ఇళ్ళు తెల్లవారేవి. ముఖం కడుగుతూ, పొయ్యి రాజేస్తూ విన్నవారికి రాగాల పేర్లు తెలియకపోయినా ఏది ప్రొద్దుటిదో ఏది సందెవేళదో తెలిసేది.

అభ్యాసానికి ఒక రాగం చాలు. మోహన తీసుకోండి. సప్తస్వరాలలో మధ్యమం, నిషాదం దీనిలో లేవు, మిగిలినవి అయిదే. హిందుస్తానీలో దీనికి దగ్గరది భూపాలీ. చైనా జానపదగీతాలలోనూ స్కాట్లండు పాటలలోనూ ఈ అయిదు స్వరాల నడక వినిపిస్తుంది. త్యాగరాజస్వామి ఈ రాగంలో కృతులు రచించాడు. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో వెన్నెలలో సాగే పడవపాట కూడా ఈ రాగమే. ఆ పాట వినని తెలుగువాడు అరుదు. దానిని లోలోపల కూనిరాగం తీస్తూ, తరువాత ఎప్పుడైనా ఒక మోహనకీర్తన వినండి. ‘దీనిని ఎక్కడో విన్నాను’ అనిపించిన క్షణంలో కలిగే చిన్న సంతోషానికి సాటి రాదగినవి నాకు తెలిసి తక్కువ. తాళం వేయడం కూడా అంతే. ఆదితాళానికి అక్షరాలు ఎనిమిది: ఒక దెబ్బ, మూడు వ్రేళ్ళు, ఒక దెబ్బ, ఒక విసురు, మరల దెబ్బ, విసురు. మనస్సు ఒక్క క్షణం ప్రక్కకు తొలగితే చేయి చెబుతుంది. ఇక్కడ కూడా లెక్కపెట్టడమే. అల్లికలో కుట్లు, సంగీతంలో అక్షరాలు.

ఒక వ్యక్తికి వృత్తి అయినది మరొకరికి ప్రవృత్తి కావడానికి విలియం హెర్షెల్ మంచి నిదర్శనం. మనము తీరికవేళ వినే సంగీతం ఆయనకు జీవనోపాధి. ఇంగ్లండులోని బాత్ నగరంలో ప్రార్థనాలయంలో ఆర్గన్ వాయించేవాడు, పాఠాలు చెప్పేవాడు. రాత్రివేళ నక్షత్రాలు చూడడం ఆయన సరదా. దూరదర్శినికి కావలసిన అద్దాలను తానే సానపట్టుకొనేవాడు. పని మధ్యలో ఆపితే అద్దం పాడవుతుందని చేయి తీయని అన్నకు చెల్లెలు కరోలిన్ అన్నం నోటికి అందించేదట. 1781 మార్చి 13వ తేదీ రాత్రి తన ఇంటి పెరటినుండి చూస్తూ ఆయన యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు. గాయనిగా పేరు తెచ్చుకొంటున్న కరోలిన్ కూడా క్రమంగా ఆకాశంవైపే మళ్ళి, తోకచుక్కలను కనుగొన్నది. ఆ పెరడు చిన్నది; నేడు ఆ ఇల్లు ప్రదర్శనశాల.

ఇక సమయం ఎక్కడిదని అడుగుతారు. ప్రొద్దుట అయిదింటికి మొదలై రాత్రి పదింటికి ముగిసే దినచర్యలో పది నిమిషాలు వెదకడం కష్టమే. చరవాణి తెరపై వ్రేలు జరుపుతూ గడిపే నిమిషాలను లెక్కించమని నేను చెప్పను. ఆ మాట మీరు ఇంటిలో చాలినంతగా వింటూనే ఉంటారు. రాత్రి చదువుగంట ముగిసి నిద్రకు పోయే ముందు వరండా దీపం దగ్గరకు వెళ్ళండి. దీపం కోసం పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. టార్చి వెలుగును నేరుగా వేస్తే ఏమీ కనబడదు. ప్రక్కనుండి ఏటవాలుగా వేస్తే పోగులు మెరుస్తాయి. ఊదరాదు, పుల్లతో కదపరాదు. పంగలకర్ర ఆకృతి ఏర్పడిన సమయాన్ని, జిగురుపోగు మొదలైన సమయాన్ని నోటుపుస్తకం చివరి పుటలో వ్రాసుకోండి. మరునాటి రాత్రి అదే చోటికి వెళ్ళి చూస్తే గూడు కొన్ని అంగుళాలు ప్రక్కకు జరిగి ఉండవచ్చు. ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి మూడవ రాత్రి కూడా వెళ్ళవలసి వస్తుంది.

అభ్యాసం

1. ‘వినోదం’, ‘కాలక్షేపం’, ‘వ్యసనం’, ‘అభిరుచి’ అన్న మాటల అర్థభేదాలను సొంతవాక్యాలలో చూపండి.

2. చక్రాకారపు గూటి నిర్మాణంలో జిగురులేని చుట్ల ప్రయోజనం ఏమిటి? పాఠంలో దానిని దేనితో పోల్చారు?

3. నరసాపురం లేసు ప్రస్తావన లేకపోతే ఈ పాఠంలోని వాదానికి ఏ లోపం ఏర్పడుతుందో చర్చించండి.

4. ‘ఈ రెండేళ్ళు కళ్ళు మూసుకో’ అన్న పెద్దల మాటతో మీరు ఏకీభవిస్తారా? మీ తల్లిదండ్రులకు వ్రాసే లేఖ రూపంలో సమాధానం వ్రాయండి.